పీవీసీ ఎల్బో ఆత్మకథ

నేను పీవీసీ ఎల్బోని. మూడంగుళాలది. హైదరాబాద్ రాణిగంజ్‌లో ఓ కొట్లో పడి ఉన్నన్నాళ్లూ ఏ బాత్‌రూమ్ గోడలోకో పోతాననుకున్నాను. నన్ను కొన్నాయన శుభ్రంగా కడిగి, ఇసుకా రాయీ లేని ఉత్త గాజుతొట్టిలో, ఉప్పునీళ్లలో వేశాడు. ఇంట్లో దాన్ని ఆసుపత్రి అనేవారు.

మొదటి రోగి బ్లూ ట్యాంగ్. సినిమా పుణ్యమా అని ఆ ఇంటి పిల్ల డోరీ అని పిలిచేది. ఒంటినిండా సన్నటి తెల్లచుక్కలు. ఇంట్లోని పెద్ద ట్యాంకులోంచి వస్తూనే నాలో దూరి పక్కకి ఒరిగింది. మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. ఉండుండి బయటికొచ్చి నా అంచుకేసి ఒళ్లు రుద్దుకునేది.

జబ్బు పేరు వైట్ స్పాట్. తెచ్చేది క్రిప్టోకారియాన్ అనే ఏకకణజీవి. చేప చర్మంలో దూరి కొన్నాళ్లు తిని, బలిశాక చీకటివేళ రాలిపోతుంది. రాలి ఎక్కడికి పోతుందో నన్నడగండి. నా వీపు మీదికే! కాసేపు పాకి, గట్టి పొర కట్టుకుని, లోపల ముక్కలు ముక్కలై పదుల, వందల పిల్లలవుతుంది. చేపకు దాక్కునే చోటూ నేనే, దాన్ని తినేవాటికి పురిటిగదీ నేనే.

మంచినీటి చేపలు పెంచే పక్కింటాయన, "గుప్పెడు ఉప్పేయండి, పోతుంది" అన్నాడు. ఉప్పునీటి చేపకి ఉప్పు వైద్యం! ఆయన తొట్టిలో చుక్కలు తెచ్చేది వేరే జీవి. ఇక్కడైతే ఉప్పు తగ్గించే వైద్యం ఒకటుంది. నన్ను కొన్నాయన మాత్రం రాగిని నమ్ముకున్నాడు.

కాపర్ సల్ఫేట్ వాడితే లీటరు నీటికి 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల రాగి ఉండాలి. తగ్గితే పురుగు చావదు, పెరిగితే చేపకే ముప్పు. రోజూ చిన్న సీసాలో నీళ్లు తీసి, టెస్ట్ కిట్ చుక్కలు కలిపి, అట్ట మీది రంగులతో పోల్చేవాడు. ట్యూబ్‌లైట్ కింద ఒక రంగు, కిటికీ దగ్గర ఇంకో రంగు; రోజూ అదే తంటా. రాళ్లూ ఇసుకా రాగిని పీల్చేస్తాయి కాబట్టే ఈ తొట్టి ఇంత బోసి. ప్లాస్టిక్‌ని కనుక నాకు చోటు దక్కింది. ఆ మందు పెద్ద ట్యాంకులో పోస్తే రొయ్యలూ పగడాలూ దక్కవు.

వారం తిరక్కుండానే చుక్కలు మాయం. "నాన్నా, తగ్గిపోయింది! పెద్ద ట్యాంకులో వేసేద్దాం" అని పిల్ల గంతులు. తగ్గలేదమ్మా, అవి నా వీపెక్కాయి! చర్మం కింద ఉన్నదాన్ని రాగి ఏమీ చేయలేదు, పొరలో ఉన్నదాన్నీ చేయలేదు. పొర చీల్చుకుని చేప కోసం ఈదే ఆ ఒకటి రెండు రోజుల్లోనే అది రాగికి దొరికేది. అందుకే వారాల తరబడి మందు. ఈ సంగతి నాన్నకి తెలుసు. పెద్ద ట్యాంకులో 76 రోజులు ఒక్క చేపనీ వేయలేదు. ఒంటికి పట్టడానికి చేప దొరక్కపోతే అక్కడ మిగిలిన పురుగు పిల్లలు చస్తాయి. చేపల్లేని ట్యాంకుకి ఇంత కరెంటు బిల్లా అని వంటింట్లోంచి సణుగుడు ఆగలేదు.

డోరీ వెళ్లాక నన్ను కడిగి ఎండబెట్టారు. ఇప్పుడు నాలో క్లౌన్ ఫిష్ జంట ఉంది. జబ్బేం లేదు, కొత్తవాటిని ముందు ఇక్కడే ఉంచాలని రూలు పెట్టుకున్నారు. పెద్దది ఆడది. మగదాన్ని నాలోకి రానివ్వడం లేదు. ఇంకో ఎల్బో కొనమని పిల్ల పోరు పెడుతోంది.