టైరు పెరిగె, జీపు తరిగె

మందమర్రిలో పాత ఫోర్‌వీల్ బండి ఉన్నవాడికి లోకంలో ఒకే ఒక్క కష్టం: వాడి టైరు పక్కింటివాడి టైరు కన్నా చిన్నది. ఇంజను పొగ కక్కుతుందా, కక్కనీ. స్టీరింగు పావు చుట్టు తిప్పినా చక్రానికి ఆ కబురు అందదా, అందకపోనీ. తలుపు మూయాలంటే ఇద్దరు కావాలా, ఇంట్లో మనుషులున్నారు కదా. ఏపీ 01 నంబరు ప్లేటుతో ఉమ్మడి ఆదిలాబాద్ అంతా తిరిగి అలసిన ఆ ముసలి బండికి సర్వరోగ నివారిణి ఒక్కటే. వెడల్పాటి అలాయ్ డిస్కు, దాని మీద గడ్డలు గడ్డలుగా లేచిన బటన్ టైరు.

ఈ రోగానికి రుతువు కూడా ఉంది. దసరా ముందర సింగరేణి లాభాల వాటా ప్రకటన వస్తుంది. 2023లో 32 శాతం, 2024లో 33 శాతం. ఇంతే ఎందుకు, ఇంకా ఎందుకు ఇవ్వరని యూనియన్లు లెక్కలు తీస్తుంటే మనవాడు వేరే లెక్కలో ఉంటాడు. పోయినేడు పదిహేను అంగుళాల డిస్కు, ఈయేడు పదహారు. వాటా యాభై శాతానికి చేరేనాటికి బొలెరో కింద ట్రాక్టరు వెనక చక్రాలు ఉంటాయి.

వీళ్ల సిద్ధాంతం చాలా సులువు. టైరు ఎంత పెద్దగుంటే బండికి అంత తాకత్. టీ కొట్టు దగ్గర దీన్ని కాదన్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. “అన్నా, ముప్పై ఒకటి ఎక్కిచ్చిన. ఇగ జూడు, గుట్ట గిట్ట లెక్కనే లేదు” అంటాడు. ముప్పై ఒకటంటే అంగుళాలు, నేల నుంచి టైరు నెత్తి దాకా. సరే, జూద్దాం. పాత బొలెరోకు కంపెనీ ఇచ్చిన టైరు మీద 215/75 ఆర్15 అని అచ్చేసి ఉంటుంది. 215 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 75 శాతం పక్క గోడ ఎత్తు, లోపల 15 అంగుళాల డిస్కు. బడిపిల్లల లెక్క చేస్తే మొత్తం ఎత్తు 703 మిల్లీమీటర్లు తేలుతుంది. ముప్పై ఒక్క అంగుళాలంటే 787. నూటికి పన్నెండు పాళ్లు ఎక్కువ. ఇంజను మాత్రం అదే 2,523 సీసీ, గేరు పళ్లు అవే. చక్రం పెద్దదైన కొద్దీ అది నేలను తోసే బలం తగ్గుతుంది. ఇక్కడ తగ్గింది నూటికి పది పాళ్ల పైనే. డబ్బిచ్చి కొన్న తాకత్ అక్కడికి పోయింది. బొక్కలగుట్ట దగ్గర గాంధారి ఖిల్లా దారిలో నిన్నటిదాకా రెండో గేరులో గునుస్తూ ఎక్కిన బండి ఇప్పుడు మొదటి గేరులో, క్లచ్చు మాడిన వాసనతో ఎక్కుతుంది. ఆ వాసనకు కారణం డీజిల్ కల్తీ అని యజమాని తీర్పు.

పెద్ద టైరు వేయదలిస్తే యాక్సిల్‌లో క్రౌను, పినియను కూడా దానికి తగ్గట్టు మార్చాలి. అలా మార్చేవాళ్లు ఉన్నారు, బోలెడు ఖర్చుతో. కానీ క్రౌను, పినియను యాక్సిల్ లోపల ఉంటాయి. బయటికి కనపడని వస్తువుకు పైసలు పెట్టినవాణ్ణి మా ఊళ్లో అమాయకుడంటారు.

ఒక్క లాభం మాత్రం ఒప్పుకోవాలి. మీటరు అరవై చూపిస్తున్నప్పుడు బండి నిజానికి అరవై ఏడులో పోతుంటుంది. లక్ష కిలోమీటర్లని మీటరు చెప్పేసరికి లక్షా పన్నెండు వేలు తిరిగేసి ఉంటుంది. అమ్మేటప్పుడు “తక్కువ తిరిగిన బండి” అని గుండె మీద చెయ్యేసుకుని చెప్పొచ్చు. పొరపాటున మైలేజీ లెక్క కట్టుకుంటే మాత్రం ఏడుపే. ఉన్నదాని కన్నా తక్కువ కనిపిస్తుంది.

ఇక డిస్కు. పాత డిస్కు చక్రాన్ని మడ్‌గార్డు కింద బుద్ధిగా ఉంచేది. కొత్తది దాన్ని బయటికి తోస్తుంది, రెండు వైపులా. బరువు పడే చోటు బయటికి జరిగేసరికి బేరింగు మీద, బాల్ జాయింట్ల మీద భారం పెరుగుతుంది. చిన్న గుంతకే స్టీరింగు చేతుల్లో కొట్టుకుంటుంది. వానాకాలంలో ఆ టైరు ఎగజిమ్మే బురద ముందు తన తలుపుల మీద, తర్వాత వెనక వచ్చే మోటారు సైకిలువాడి మొహం మీద పడుతుంది. పైగా డిస్కు క్రోముది కావాలట. బొగ్గు లారీలు రాత్రీ పగలూ తిరిగే ఊళ్లో, ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి బూడిద రంగుకు తిరిగే ఊళ్లో, క్రోము డిస్కు! పొద్దున తుడవడం, మధ్యాహ్నం తుడవడం. బండి నడిపే సమయం కన్నా తుడిచే సమయం ఎక్కువ కాబట్టి డీజిల్ మిగులుతుందేమో, ఆ లెక్క వాళ్లు ఇంకా చెప్పలేదు.

అసలు ఘోరం నాలుగూ ఒకేసారి కొనలేనివాడి దగ్గర జరుగుతుంది. “పైసలు అడ్జస్ట్ గాలే అన్నా, ఈ దసరాకు ఎనక రెండు, ఉగాదికి ముందర రెండు.” మామూలు కారులో ఈ బేరం కొంత నడుస్తుంది. పాత మహీంద్రా జీపు, బొలెరో ఫోర్‌వీల్, మారుతి జిప్సీ, 2010లో వచ్చిన థార్, వీటన్నిటిలో ముందు యాక్సిల్‌కూ వెనక యాక్సిల్‌కూ మధ్యలో డిఫరెన్షియల్ ఉండదు. ఫోర్‌వీల్ లివరు వేయగానే ముందు షాఫ్టు, వెనక షాఫ్టు ఒకదానికొకటి కట్టేసినట్టు ఒకే వేగంతో తిరగాలి. వెనక 787, ముందు 703. వెనక చక్రం వంద చుట్లు తిరిగిన దూరానికి ముందు చక్రం నూటపన్నెండు తిరగాలి, కానీ తిరగనివ్వరు. బురదలో అయితే ఏదో ఒక చక్రం జారి ఆ తేడాను మింగేస్తుంది. తారు రోడ్డు మీద జారే దారి లేక ఆ పీకులాటంతా ట్రాన్స్‌ఫర్ కేసు పళ్ల మీద, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసుల మీద పడుతుంది. ముందు టకటక, తర్వాత కటకట, ఆ తర్వాత లివరు ఇరుక్కుపోయి వెనక్కి రాదు. కొత్త టైరుకూ గుండు టైరుకూ మధ్య ఉండే కొద్దిపాటి తేడా కూడా ఇక్కడ మంచిది కాదంటుంటే వీళ్లు ఏకంగా నాలుగు వేళ్ల తేడా పెట్టి తిరుగుతున్నారు. ఇన్నాళ్లూ చాలా బండ్లు బతికాయంటే కారణం ఒక్కటే. యజమానులు ఆ లివరును కొన్ననాటి నుంచి ముట్టుకోలేదు.

ముట్టుకోవాల్సిన అవసరం ఎక్కడిది? తిరిగేది మంచిర్యాల దాకా, మహా అయితే బెల్లంపల్లి దాకా, 363వ నంబరు జాతీయ రహదారి మీద, నాలుగు వరుసల నున్నటి తారు. ఆ తారు మీద బటన్ టైరు పెట్టే రొద ఎంతంటే, బండి మలుపులో ఉండగానే మార్కెట్‌లో మనుషులు తప్పుకుంటారు. తడి రోడ్డు మీద బ్రేకు వేస్తే ఆ గడ్డల మధ్య ఖాళీల వల్ల నేలను పట్టుకునే రబ్బరు తక్కువై బండి మామూలు టైరు కన్నా ముందుకు పోయి ఆగుతుంది. పోనీ చేలల్లోకి దిగితే? పత్తి చేను నల్లరేగడి తడిస్తే ఆ గడ్డల సందులన్నీ రెండు చుట్లలో నిండిపోతాయి. అప్పుడది లక్ష రూపాయల గుండు టైరు.

నల్లమట్టిలో సన్నటి టైరు చాలాసార్లు వెడల్పాటిదాని కన్నా మేలు. పై జిగట పొరను కోసుకుని కింద గట్టి నేలను అందుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో యూరప్ బురదంతా దాటిన విల్లీస్ జీపు చక్రం 6.00-16. ఆరు అంగుళాల వెడల్పు! మన పాత మహీంద్రా జీపులకూ చాలా ఏళ్లు అదే సైజు వచ్చింది. ఇవాళ ఆ టైరును టీ కొట్టు దగ్గర చూపిస్తే “సైకిల్‌దా అన్నా?” అంటారు. యుద్ధానికి సరిపోయింది గాని మందమర్రి మార్కెట్‌కు సరిపోవడం లేదు.

నన్ను నిజంగా ఆశ్చర్యపరిచేది వేరే ఉంది. ఈ ముచ్చట పడేవాళ్లలో కొందరు ఓపెన్‌కాస్టులో పనిచేసేవాళ్లు. వంద టన్నుల డంపరు టైరు 27.00-49, మనిషి చెయ్యెత్తినా నెత్తి అందదు. ఆ టైరును ఎవరూ లుక్కు చూసి కొనరు. మోసే బరువు ఎంత, షిఫ్టు మొత్తానికి సగటు వేగం ఎంత, రెండూ గుణిస్తే వచ్చే అంకె టైరుకు కంపెనీ ఇచ్చిన అంకెను దాటుతుందా లేదా చూస్తారు. దాటితే లోపల వేడి పెరిగి రబ్బరు పొరలు విడిపోతాయి. దారిలో రాళ్లు పడితే డోజరు వచ్చి తీస్తుంది. ఎనిమిది గంటలు ఈ శాస్త్రం మధ్య బతికినవాడు షిఫ్టు దిగి టైరు షాపుకు పోయి “అన్నా, జర భయంకరంగ కనిపించేది చూపియ్యి” అని అడుగుతాడు.

భయంకరంగా కనిపించే టైరు పక్కన చిన్న అక్షరాల్లో బరువు అంకె ఒకటి ఉంటుంది. 100 అంటే ఒక్కో టైరు 800 కిలోలు, 97 అంటే 730, 91 అంటే 615. జాతరకు పదిహేను మందిని ఎక్కించుకుని పోయే కమాండరు జీపుకు ఆ అంకె ప్రాణాల లెక్క. దాన్ని అడిగినవాడు లేడు. నాలుగంకెల తేదీ కూడా ఉంటుంది. 2317 అంటే 2017లో 23వ వారం తయారైనదని. సెకండ్ హ్యాండు టైరు తెచ్చి “బటన్లు చూడు, కొత్త లెక్కనే ఉన్నయ్” అని మురిసేవాడికి ఆ బటన్ల సందుల్లో వెంట్రుక పగుళ్లు కనపడవు. వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. తలుపు ఫ్రేము మీద కంపెనీ అంటించిన స్టిక్కరులో సైజు, గాలి రెండూ రాసి ఉంటాయి. దాని మీద చాలా ఏళ్ల క్రితమే ఏదో పార్టీ స్టిక్కరు పడింది.

స్టెప్నీ సంగతి ఎత్తితే తగవు అవుతుంది కాబట్టి ఒక్క మాటే: అది ఇంకా పాత సైజే.

చివరికి చట్టం వస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను చూపి, కంపెనీ ఇచ్చిన కొలతలకు భిన్నంగా బండిని మార్చకూడదని చెప్పింది. పదిహేనేళ్లు నిండిన సొంత బండికి రిజిస్ట్రేషను మళ్లీ చేయించాలి, ఆపైన ఐదేళ్లకోసారి. మందమర్రిలో ఆ తీర్పు సరిగ్గా అందుకోసం బండిని చూపించే ఆ ఒక్కరోజు అమల్లో ఉంటుంది. ముందురోజు సాయంత్రం పాత డిస్కుల కోసం వెతుకులాట మొదలవుతుంది. మనవాడు తనవి ఎప్పుడో పాత ఇనుము కింద కిలోల లెక్కన అమ్ముకున్నాడు. అందుకని, పెద్ద టైర్ల జోలికి పోని తోటి డ్రైవరు ఇంటికి నడుస్తాడు.

“ఒక్క రోజుకే తమ్మీ. రేపు పొద్దుగూకే వరకు తెచ్చిస్త.”

“తెచ్చియ్యి అన్నా, ఎల్లుండికి ఇంకొకలకు మాటిచ్చిన. కిరాయి మాత్రం ముందుగాలనే ఇయ్యాలె.”