దాతల పట్టీ

షోలాపూర్ నుంచి అక్కల్‌కోట్ పోయే రోడ్డు మీద, కుంభారి దగ్గర, చైత్రం వచ్చిందంటే చెప్పుల్లేని కాళ్లు వరుస కడతాయి. స్వామి సమర్థులు అక్కల్‌కోట్‌లో సమాధి అయింది 1878లో, చైత్ర బహుళ త్రయోదశినాడు. అందుకని భక్తుల నడక సరిగ్గా ఎండలు ముదిరేవేళకే ఊపందుకుంటుంది. దారి 40 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. తెలివైనవాళ్లు రాత్రిపూట బయల్దేరతారు. మొక్కుబడికి తెలివితో పనేముంది, మిట్టమధ్యాహ్నం నడిచేవాళ్లూ బోలెడుమంది.

రోడ్డుకు లోపలగా బీడీ ఆడవాళ్ల కాలనీలు. 1945లో వార్లీ ఆదివాసులను కూడగట్టి జమీందార్లకు ఎదురు నిలబెట్టిన గోదావరి పరులేకర్ పేరు మీద 10 వేల ఇళ్లు కట్టారు. నర్సయ్య ఆడం మాస్తరు ఏళ్ల తరబడి ఊరేగింపులు తీసి సాధించిన ఇళ్లవి. 2006 సెప్టెంబరు 1న ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా తాళాలు అందాయి. ఆ తర్వాత రాయ్‌నగర్ లేచింది. అక్కడ తలపెట్టిన 30 వేల ఇళ్లలో మొదటి 15 వేలు 2024 జనవరిలో నరేంద్ర మోదీ అప్పగించారు. ఇద్దరు ప్రధానులు తాళంచెవులు పంచిన ఊరన్నమాట. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్లో రాసేది మరాఠీ. మగవాళ్లకు చాదర్లు, తువ్వాళ్లు నేసే మరమగ్గాలు. ఆడవాళ్లకు ఒళ్లో చాట, చాటలో తునికాకు.

ఆ ఏడు రోడ్డు పక్కన సేటు పందిరి వేయించాడు. రోజూ జొన్న అంబలి, మజ్జిగ. గురువారం స్వామివారి వారం కాబట్టి ఆ రోజు భాకరీ, పల్లీల చట్నీ, ఉల్లిగడ్డ కూడా. సేటు అన్నానని ఇంకెవరో అనుకోవద్దు, మనవాడే. తాత మగ్గం పని వెతుక్కుంటూ కరీంనగరం వైపు నుంచి వచ్చాడు. మనవడు బీడీ ఆకు, తంబాకు ఇంటింటికీ పంచే గుత్తేదారయ్యాడు. కాలనీలో అతనికొక బ్రాంచి ఉంది.

అంబలి కాచే పని ఒక పిల్ల అడిగి మరీ తీసుకుంది. పన్నెండో తరగతి పరీక్షలు రాసి, ఫలితాల కోసం చూస్తోంది. నర్సింగ్ చదవాలని కోరిక. షోలాపూర్ పిల్లలకు ఇలాంటి కోరికలు ఎక్కడినుంచి వస్తాయో చెప్పడం కష్టం కాదు. ఆ ఊళ్లో పుట్టిన డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ 1938లో చైనా యుద్ధరంగానికి వెళ్లి, అక్కడి సైనికులకు వైద్యం చేస్తూ 1942లో 32 ఏళ్లకే కన్నుమూశాడు. ఆయన మీద వ్యాసం రాసి ఆ పిల్ల బళ్లో బహుమతి కూడా కొట్టింది. చైనా దాకా పోయే సావకాశం లేదు గనుక పందిరితో మొదలుపెట్టింది.

నిజంగా బాగా కాచేది. మంగళ్‌వేఢా వైపు పండే మాల్‌దండి జొన్న పిండిని రాత్రే నీళ్లలో కలిపి పులియబెట్టేది. తెల్లవారుజామున మూడింటికి లేచి, ఎసరు మరగగానే పిండినీళ్లు సన్నధారగా పోస్తూ, ఉండ కట్టకుండా తెడ్డు ఆపకుండా తిప్పేది. చల్లారాక మజ్జిగ, ఉప్పు, దంచిన జీలకర్ర, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ. ఒక్క చుక్క నిమ్మరసం కూడా వేసేది, అది తన సొంత కవిత్వం. గురువారాలు తాను ఒక్కపొద్దు. వందలమందికి వడ్డించి, పొద్దుగూకాక దీపం పెట్టి తినేది. సీటు వస్తే తానూ అక్కల్‌కోట్ దాకా ఉత్తకాళ్లతో నడుస్తానని మొక్కుకుంది.

అంబలి పోసి ఊరుకునేది కూడా కాదు. కాళ్లు బొబ్బలెక్కినవాళ్లను బల్ల మీద కూర్చోబెట్టి, ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్లతో కడిగి, ఉతికిన పాతచీర పేలికలు కట్టేది. ముసలివాళ్లు వద్దంటూ కాళ్లు వెనక్కి లాక్కునేవాళ్లు. “ఊకో తాతా, నాకు ప్రాక్టీసు గావాలె” అనేది. వాళ్లు నవ్వి కాళ్లు చాపేవాళ్లు.

సేటుకు ఆ పిల్లంటే గొప్ప మురిపెం. “నర్సమ్మా” అని పిలిచేవాడు. “నీ ఫీజు సంగతి నేను జూసుకుంట బిడ్డా” అని ఫొటో తీసేవాళ్ల ఎదుట రెండుసార్లు అన్నాడు. ఒక నోటుబుక్కు చేతికిచ్చి పందిరి ఖర్చంతా రాయమన్నాడు. జొన్నపిండి, పాలు, కట్టెలు, గ్లాసులు, మంచుగడ్డ. “లెక్క పక్కాగుండాలె. దేవుని సొమ్ము.”

ఆ పిల్లకు ఇంట్లో ఇంకో నోటుబుక్కు ఉంది. అది అవ్వది. అంటే రాసేది కూతురే, బతుకు అవ్వది. మూడు గళ్లు: బ్రాంచిలో ఇచ్చిన బీడీలు, ఛాట్, కూలి పడినవి.

ఛాట్ సంగతి తెలియనివాళ్లకు ఒక మాట. తునికాకును రాత్రి తడిపి, గుడ్డలో చుట్టి మెత్తబరచి, రేకుముక్క కొలతకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి, మూతి మడిస్తే ఒక బీడీ. 25 బీడీలు ఒక కట్ట, 40 కట్టలు వెయ్యి. పొద్దున్నే బుట్ట పట్టుకుపోయి బ్రాంచిలో వరుసలో నిలబడితే, చెకర్ కట్టలు విప్పి, వేళ్లతో నొక్కి, “ఇది వదులు, ఇది పొట్టి” అంటూ కొన్ని పక్కకు తీస్తాడు. అదే ఛాట్. వాటికి కూలి లేదు, తిరిగి ఇవ్వడమూ లేదు. తీసినవి గంపలో పడి లోపలి గదిలోకి పోతాయి. చెడిపోయిన బీడీలైతే కుప్పలో వేయాలి గదా, గది ఎందుకు అని ఎవరూ అడగరు. అడిగినామెకు మర్నాడు ఆకు తక్కువ తూగుతుంది.

మామూలు రోజుల్లో వెయ్యికి ఒక కట్ట పోయేది. అది ఒప్పందం లాంటిదే, అలవాటైపోయింది. ఆ ఎండాకాలం మూడు కట్టలు పోవడం మొదలైంది.

“ఆకు తడిపే చేస్తిమి గదనే?” అని ఒకరోజు అవ్వ నెమ్మదిగానే అంది.

“రోహిణి కార్తెకు రోళ్లే పగులుతయి అక్కా, ఆకెంత?” అన్నాడు చెకర్. వరుసలో వాళ్లంతా నవ్వారు. మాట బాగుంది మరి.

అవ్వ అంతటితో ఊరుకుంది. వెనకటి రోజులైతే నలుగురు కలిసి గొంతు లేపేవాళ్లే, యూనియన్ ఆఫీసు దాకా పోయేవాళ్లే. ఇప్పుడు అడగబుద్ధి కాలేదు. దారినపోయేవాళ్లకు అంబలి పోస్తున్న మనిషితో రెండు కట్టల కోసం పేచీ ఏం పెట్టుకుంటాం? పైగా గరిట కూతురి చేతిలో ఉంది. ఆ రెండు కట్టలు పూడ్చడానికి అవ్వ రాత్రి ఇంకో గంట కూర్చునేది. దగ్గు మొదలైతే చాట పక్కన పెట్టి, నీళ్లు తాగి, మళ్లీ ఒళ్లోకి తీసుకునేది.

“ఎన్ని రాయాలె?” అని కూతురు అడిగేది.

“ఛాట్ మూడు.”

రాసి, పడుకుని, మూడింటికి లేచి అంబలికి పోయేది.

మృగశిర కార్తె దగ్గరపడింది. ఫలితాలు వచ్చాయి, పిల్లకు మంచి మార్కులే పడ్డాయి. తొలివాన పడగానే పందిరి తీసేద్దామని, తీసేముందు ఒక సభ పెడదామని సేటు అనుకున్నాడు. నగరం నుంచి ఒక రిటైర్డ్ హెడ్మాస్టరును అధ్యక్షుడిగా పిలిచారు. దాతలకు సత్కారం ఉంటుంది. షోలాపూర్‌లో సత్కారమంటే తువ్వాలు, కొబ్బరికాయ.

“పట్టీ నువ్వే రాయి నర్సమ్మా. నీ అక్షరాలు ముత్యాలోలె ఉంటయి. మా బాపు పేరు, మా అవ్వ పేరు, మా ఇంటామె, పిల్లలు... అన్నీ నీకు ఎరికే గదా. ఖర్చు మొత్తం గూడ కట్టియ్యి, మైకుల చెప్త.”

ఖర్చు మొత్తం కట్టడానికి ఆ రాత్రి పందిరి నోటుబుక్కు తెరిచింది. చాట దగ్గరే అవ్వ నోటుబుక్కు కూడా పడి ఉంది. రెండూ ఒకే చేతిరాత, ఒకే తేదీలు. చాలాసేపు వాటిని చూస్తూ కూర్చుంది. సున్నాలు వేసి, గుణించి, కొట్టేసి, మళ్లీ గుణించింది.

“ఇంకా పండుకోవా? లెక్క కలుస్తలేదా బిడ్డా?” అంది అవ్వ.

“కలిసిందే అవ్వా” అంది పిల్ల.

తర్వాతి రెండు రోజులూ పొద్దుగూకాక గల్లీ గల్లీ తిరిగింది. ప్రతి ఇంటి గడపలో కూర్చుని ఏదో అడిగేది, రాసుకునేది. సభకు పిలుపులు చేస్తోందనుకున్నారు అందరూ. సేటూ అదే అనుకున్నాడు. జనం నిండుతారని సంతోషించాడు.

నిండారు. పందిరి చాలక ఆడవాళ్లు ఎండలో కొంగులు కప్పుకుని నిలబడ్డారు. స్వామి పటానికి దండ వేశారు, హెడ్మాస్టరు నాలుగు మంచి మాటలు చెప్పారు, నర్సమ్మకు చప్పట్లు కొట్టించారు. బల్ల మీద పదకొండు కొబ్బరికాయలు, పదకొండు తువ్వాళ్లు. సేటు కళ్లజోడు పెట్టుకుని మైకు దగ్గరికి వచ్చాడు. పిల్ల నాలుగు మడతల కాగితం అందించింది. ముందే ఒకసారి చూసుకుందామన్న ఆలోచన అతనికి రాలేదు. రావాల్సిన అవసరం ఏముంది గనక?

“ఈ ఎండాకాలం అంబలి పోసినవాళ్లు” అని చదివాడు. గొంతు సవరించుకుని మొదటి పేరు చదివాడు. మూడో గల్లీలో ఉండే ముసలామె పేరు అది. ఏ మజ్జిగో ఇచ్చి ఉంటుందిలే అనుకుని పక్కనున్నది కూడా చదివేశాడు: “ఛాట్, వెయ్యికి రెండు కట్టలు.”

పందిట్లో ఎవరూ నవ్వలేదు. ముసలామె లేచింది. కొంగు నడుముకు దోపుకుని నింపాదిగా నడిచి వచ్చి, బల్ల ముందు రెండు చేతులూ చాపింది. సేటు కొబ్బరికాయ ఇచ్చాడు. ఇవ్వక ఏం చేస్తాడు, హెడ్మాస్టరు చప్పట్లు కొడుతున్నాడు.

రెండో పేరు. మళ్లీ రెండు కట్టలు. మూడో పేరు. రెండున్నర. చదవకుండా ఆగిన చోటల్లా వెనకనుంచి ఎవరో ఒకరు “నా పేరు రాలే?” అంటున్నారు. పదకొండు కొబ్బరికాయలు పావుగంటలో అయిపోయాయి. కాగితం ఇంకా మూడు మడతలుంది.

“టైం అయితున్నది, పెద్దలు దూరం పోవాలె...” అంటూ సేటు కాగితం మడవబోయాడు.

“తప్పు తప్పు” అన్నారు హెడ్మాస్టరు. పాపం, ఆయనకు బీడీ లెక్కలు తెలియవు. “దాతల పేర్లు సగంలో ఆపకూడదు. మీరు అలసిపోయారు, ఇలా ఇవ్వండి.” హాజరు పట్టీ చదివి అరిగిన గొంతు. ఒక్క పేరు మింగకుండా, ఒక్క కట్ట తగ్గకుండా చదువుతూ పోయారు. కొబ్బరికాయ లేకపోయినా పిలిచినవాళ్లు పిలిచినట్టు లేచి నిలబడుతున్నారు. అవ్వ పేరు వచ్చింది. రేపు బ్రాంచిలో ఆకు ఇస్తాడో ఇవ్వడో అని ఒక్క క్షణం కూతురి వైపు చూసింది. పక్కామె మోచేత్తో పొడిచింది. దగ్గుకుంటూ లేచింది.

కాగితం అడుగుకు వచ్చింది. కూర్చున్నవాళ్లు ఎవరూ మిగల్లేదు, వేదిక మీద సేటు తప్ప. హెడ్మాస్టరు ఆఖరి వరుసను ఇంకాస్త గట్టిగా, ఎంతో ఆప్యాయంగా చదివారు:

“వడ్డించినవారు, సేటుగారు. ఛాట్, సున్నా.”