సీసాలో ఇల్లరికపు అల్లుడు

నిజామాబాద్ ఎరువుల దుకాణాల్లో కొత్త అవతారం వెలిసింది. లీటరు సీసా, లోపల కోట్ల బ్యాక్టీరియా. ఎకరానికి ఒకటి పోస్తే చాలట. మట్టిలో మిగిలిన మందుల విషమంతా తిని త్రేన్చుతుంది, భాస్వరం కరిగిస్తుంది, గాలిలో నత్రజనిని దింపుతుంది, చెరకు టన్నులు పెంచుతుంది. ఇన్ని పనులు చేసే జీతగాడు దొరికితే ఏ పటేలైనా పిల్లనిచ్చి ఇల్లరికం తెచ్చుకుంటాడు.

అల్లుడిని మాత్రం మే నెల ఎండలో, రేకుల కింద నిలబెట్టారు. "చల్లని నీడలో ఉంచవలెను" అన్న అక్షరాలు కూడా వెలిసిపోయాయి. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ద్రవ జీవన ఎరువు మిల్లీలీటరులో పది కోట్ల బతికున్న కణాలుండాలి. ఆ ఎండలో ఎన్ని బతికాయో లెక్కపెట్టిందెవరు?

"అన్నా, దీన్ని కాపర్ ఆక్సీక్లోరైడ్‌తో కలిపి కొట్టొచ్చా?"

"కలుపుండ్రి పటేలా, ఏం గాదు."

నిజమే, దుకాణానికేం కాదు. బ్యాక్టీరియాను చంపే మందులోనే బ్యాక్టీరియాకు స్నానం!

విషం తినే బ్యాక్టీరియా ఉన్న మాట మాత్రం పచ్చి నిజం. 1973లో సేతునాథన్, యోషిడా అనే శాస్త్రవేత్తలు ఫిలిప్పీన్స్‌లో డయజినాన్ అనే పురుగుమందు వాడిన వరి మడిలోంచి ఆ మందును విరగ్గొట్టే జీవిని పట్టారు. అయితే వీటిలో ఒక్కోదానికి ఒక్కో రుచి. డయజినాన్ తినేది అట్రజిన్ కలుపుమందును ముట్టకపోవచ్చు. కాడ్మియంలాంటి లోహాన్నైతే ఏ జీవీ అరిగించుకోలేదు, మహా అయితే పట్టి ఉంచుతుంది. సీసా మీద మాత్రం "సకల విషహరి" అనే రాస్తారు.

ఆ డయజినాన్ తినే జీవి దొరికింది సీసాలో కాదు, వరి మడిలో అన్నది మరవకండి. మన బోధన్, రుద్రూరు, వర్ని మట్టిలోనూ బోలెడు సూక్ష్మజీవులు కాపురముంటాయి. కోత అవగానే చెరకు ఆకుకూ వరి కొయ్యకాళ్లకూ మనమే నిప్పు పెడతాం. వాటి ఇల్లూ తిండీ కాల్చేసి, సీసాలో చుట్టాలను కొని తెస్తాం. వచ్చినవాళ్లు ఏం తినాలి, బూడిదా?

పోనీ చెరకు టన్నులు పెరిగాయే అనుకుందాం, ఎక్కడికి తోలాలి? బోధన్‌లోని శక్కర్‌నగర్ నిజాం చక్కెర ఫ్యాక్టరీకి 2015 డిసెంబరులో లేఆఫ్ పడింది. దాన్ని నడిపించే బ్యాక్టీరియాను ఇంకా ఎవరూ సీసాకెత్తలేదు.

ఈసారి దుకాణంలో సీసా చేతికిస్తే తయారీ తేదీ చూడండి. ఏ బ్యాక్టీరియా, ఎన్ని కోట్లు, ఏ విషం తింటుందో బిల్లు మీద రాసిమ్మనండి. రాసేదాకా డబ్బు జేబులోంచి తీయకండి. చెరకు ఆకును మాత్రం కాల్చకుండా సాళ్ల మధ్య పరిచి పెట్టండి.