కరివేపాకు కొనుక్కునే కాలం

కరివేపాకుకి డబ్బులిచ్చే రోజులొస్తాయని మా అత్తగారితో అని ఉంటే, జ్వరమేమో అని నా నుదురు ముట్టుకుని చూసేది. కూరలవాడు బేరమంతా తెగాక రెండు రెబ్బలు, నాలుగు కొత్తిమీర కాడలు సంచిలో పడేసి పోయేవాడు. అదీ పెరడు లేని ఇళ్లకి. మా కాకినాడ వైపు నూతి గట్టు పక్కన కరివేప చెట్టు లేని ఇల్లు నేనెరుగను. ఇప్పుడు హైదరాబాదులో మా కోడలు ఫోను నొక్కితే పది నిమిషాల్లో ప్లాస్టిక్ డబ్బాలో దిగుతుంది. మూడోనాటికి ఫ్రిజ్‌లో నల్లబడుతుంది. తాలింపులో వేస్తే చిటపటలాడుతుందే గానీ వాసన వంటింటి గుమ్మం దాటదు.

ఈ చెట్టుకి శాస్త్రవేత్తలు పెట్టిన పేరులో కోనిగ్ అనే దొర ఉన్నాడు. లిన్నేయస్ దగ్గర చదువుకుని ఈ దేశమొచ్చి, చెట్టూ చేమా పట్టుకుని తిరిగి, 1785లో మా కాకినాడ జగన్నాథపురంలోనే పోయాడు. పక్కనే సామర్లకోటలో రాక్స్‌బర్గ్ దొర తోట వేశాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకాలు 1795 నుంచి అచ్చయ్యాయి. ఎక్కడెక్కడి వాళ్లో సముద్రాలు దాటి వచ్చి మన పెరళ్లు చదువుకుని పోయారు. మా చిన్న మనవడు వేసవి సెలవులకి అదే ఊరొచ్చి, వాము ఆకు చూపించి "ఇది పుదీనానా మామ్మా?" అన్నాడు. ఇంగ్లీషు మీడియం ఫీజు వాళ్ల నాన్న ఎంత కడుతున్నాడో నాకు తెలుసు.

డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి నయం. పచ్చి కరివేపాకు అమెరికాకి పట్టుకెళ్లనివ్వరు. నారింజ, నిమ్మ తోటల్ని చంపే తెగులు మోసే పురుగు ఈ ఆకు మీద కూడా బతుకుతుందట. అందుకని అక్కడే ఎక్కడో ఓ మొక్క సంపాదించింది. చలికాలం రాగానే కుండీతో సహా హాల్లోకి తెచ్చి, దానికో దీపం పెట్టి, పురిటి బాలింతలా చూసుకుంటుంది. ఇక్కడ మా ఇల్లు బిల్డరుకి ఇచ్చినప్పుడు మొట్టమొదట కొట్టేసింది కరివేప చెట్టునే. కార్లకి చోటు కావాలన్నారు.

వాము ఆకుకైతే సాకులు చెప్పడానికి కూడా వీల్లేదు. కొమ్మ విరిచి మట్టిలో గుచ్చితే చాలు, విరిగిన డొక్కు బక్కెట్లోనైనా బతుకుతుంది. నీళ్లు ఎక్కువ పోస్తేనే కుళ్లి చస్తుంది. పిల్లలకి దగ్గొస్తే రెండాకులు సెగ మీద వాడ్చి, పిండి, ఆ రసంలో తేనె చుక్క కలిపి నాకించేవాళ్లం. ఏడాది నిండని పిల్లలకి తేనె పెట్టకూడదని ఇప్పటి డాక్టర్లంటారు. ఆ మాట వినాల్సిందే, నేనేం కాదనను. వానపడ్డ సాయంత్రం అదే ఆకుతో బజ్జీలు. పిండి కాస్త జారుగా కలిపి, గుప్పెడు బియ్యప్పిండి వేసి, ఆకు రెండువైపులా పల్చగా పట్టించాలి. ఇప్పుడు బండి మీద అమ్మే బజ్జీ కొరికితే పిండి అయ్యేసరికి బజ్జీ అయిపోతుంది, ఆకు ఎక్కడుందో వెతుక్కోవాలి.

అసలు చెప్పాల్సింది నల్లేరు గురించి. ప్రహరీ గోడ మీద అడ్డూ అదుపూ లేకుండా పాకేది. లేత కణుపులే తుంచాలి, ముదిరితే పీచు. ముందు చేతులకి నూనె రాసుకోవాలి, లేకపోతే సాయంత్రం దాకా గోక్కోవడమే. నాలుగు పలకల అంచుల వెంబడి ఉండే నార లాగేసి, ముక్కలు చేసి, నూనెలో ఆకుపచ్చ పోయి గోధుమ రంగు తిరిగేదాకా మగ్గనివ్వాలి. తొందరపడి పచ్చిగా దించితే గొంతు పట్టేస్తుంది. చింతపండు దగ్గర పీనాసితనం పనికిరాదు. ఎండుమిర్చి, మినప్పప్పు, జీలకర్ర, కాసిని నువ్వులు వేయించి, రోట్లో నూరి, వేడన్నంలో నెయ్యి వేసుకుని తినాలి. ఎముకలకి మంచిదని మా అత్తగారు ఒక ముద్ద ఎక్కువ పెట్టేది. జిమ్ముకెళ్లే మా పెద్ద మనవడు మొన్న 'సిస్సస్' అని మాత్రల డబ్బా తెప్పించాడు. వెనకనున్న ఇంగ్లీషంతా చదివించుకుంటే తేలింది, అది నల్లేరే. పచ్చడి చేసి పెడతానంటే దురదెడుతుందేమో అంటాడు!

మా రోజుల్లో అంతా బంగారమని నేననను. పసికందు బొడ్డు మీద పేడ బూడిద అద్ది ధనుర్వాతానికి పోగొట్టుకున్న తల్లుల్ని చూశాను. కామెర్లకి పసరు పోస్తామని పట్నం తీసుకెళ్లకుండా ఉంచేసినవాళ్లనీ చూశాను. కానీ ఇంట్లో ఆకుని ఇంట్లో ఆకులాగే వాడేవాళ్లం. పప్పులోనో, చారులోనో, పచ్చడిలోనో ఎప్పుడో ఒకరోజు పడేది. గిన్నెడు కాచుకుని మూడు పూటలా తాగడం ఎవరికి తెలుసు?

కరోనా వచ్చాక చూడాలి సంబరం. వేపచెట్టుకి అల్లుకున్న తిప్పతీగని ఏనాడూ తలెత్తి చూడనివాళ్లు దాని పొడి కిలోల్లెక్కన కొన్నారు. 2021లో ముంబయి డాక్టర్లు, తిప్పతీగ వాడినవాళ్లలో కొందరికి కాలేయం దెబ్బతిన్నదని రాశారు. అది తిప్పతీగ కాదు, దాన్ని పోలిన వేరే తీగై ఉంటుందని ఆయుష్ మంత్రిత్వ శాఖ అంది. వాళ్లూ వాళ్లూ తేల్చుకోనీ. ఆకు చూసి పోల్చుకోలేనివాడు పొడి చూసి ఏం పోల్చుకుంటాడంటాను నేను.

మాకు ఆ పోల్చుకోవడం నేర్పింది వినాయక చవితి. ముందురోజు సాయంత్రం బుట్టలిచ్చి చెరువు గట్టుకి తోలేవారు. ఇరవై ఒక్క పత్రీ తేవాలి. ఉత్తరేణి గింజలు లంగా అంచుకి అంటుకునేవి. వాకుడు ముళ్లు గుచ్చుకునేవి. జిల్లేడు పాలు కంట్లో పడకుండా తలతిప్పుకుని తుంచాలి. ఉమ్మెత్త కోస్తే చేతులు కడుక్కునేదాకా బెల్లం ముక్కయినా ముట్టనిచ్చేవారు కారు. వావిలాకు రెండో బుట్టలోకి కూడా కోసేవాళ్లం, వీధిలో ఏ బాలింత ఉన్నా స్నానం నీళ్లలో కాచడానికి. ఏది తినేదో, ఏది నోట్లో పెట్టకూడదో ఏటేటా ఓ పరీక్షన్నమాట.

ఈసారి చవితికి మా వీధి చివర కట్ట యాభై రూపాయలన్నాడు. ఇరవై ఒక్కటీ ఉన్నాయన్నాడు. విప్పి చూస్తే సగం మామిడాకు, సగం ఏదో రోడ్డుపక్క కంప. మాచీపత్రం నలిపితే ఘాటుగా వాసనొస్తుంది, ఆకు అడుగు తెల్లగా ఉంటుంది. నేను ఒక్కో ఆకూ నలిపి వాసన చూస్తుంటే వెనక క్యూలోవాళ్లు గొణిగారు. "మాచీపత్రం ఏదయ్యా?" అన్నాను. "మీరే చెప్పాలి మామ్మగారూ" అన్నాడు. లేదని చెప్పాను. పది రూపాయలు తగ్గించాడు.