నా ప్రాణం సీట్ల వెనక ఉంది

మాయల ఫకీరు ప్రాణం ఎక్కడో చిలకలో ఉండేదట. నాది అంత దూరంలో లేదు. నా రెండు సీట్ల వెనక, బెల్టులు బిగించిన చోటికి పక్కనే, కుడివైపొకటి ఎడమవైపొకటి చిన్న రంధ్రాలున్నాయి. నా గుడ్డ టాపు మీద పడ్డ వాన వాటిలోకి దిగి, గొట్టాల గుండా వెనక చక్రాల ముందు నేల మీదికి జారిపోవాలి. ఆకులూ మట్టీ చేరి అవి పూడుకుపోతే, నీళ్లు తలుపుల కింది రేకుల్లోకి చేరి నిలిచిపోతాయి. అక్కడ తుప్పు లోపలినుంచి తింటూ వస్తుంది. పైన రంగు మాత్రం మెరుస్తూనే ఉంటుంది. నా ఈడు బండ్లు ఎన్నో ఇంజిన్ నిక్షేపంలా ఉండగానే ఈ తుప్పుకి పోయాయి.

నేను పుట్టింది జపాన్‌లో, హిరోషిమాలోని మాజ్డా వారి ఊజినా ఫ్యాక్టరీలో. 1989 ఫిబ్రవరిలో షికాగో మోటారు ప్రదర్శనలో మా జాతి మొదటిసారి జనం కంటబడింది. జపాన్‌లో మమ్మల్ని యూనోస్ రోడ్‌స్టర్ అన్నారు, అమెరికాలో మియాటా అన్నారు. నాది 1990 మోడల్, మెరీనర్ బ్లూ రంగు. 1.6 లీటర్ల ఇంజిన్, 116 గుర్రాల బలం, టన్నుకు లోపు బరువు. ఇవాళ సంసారపక్షపు కార్లకే అంతకంటే బలం ఉంటోంది. అయినా నేను స్పోర్ట్స్ కారునే. నన్ను తీర్చిదిద్దిన తోషిహికో హిరాయ్ బృందం జిన్‌బా ఇత్తాయ్ అనే మాటను పట్టుకుని పనిచేసింది. గుర్రమూ రౌతూ ఒకే ఒళ్లు కావడమని దాని అర్థం. గేర్‌బాక్స్ నుంచి వెనక డిఫరెన్షియల్ దాకా అల్యూమినియం దూలం ఒకటి వేసి రెంటినీ కట్టేశారు. అందుకే యాక్సిలరేటర్ మీద కాలు పడీపడగానే ఆ కబురు వెనక చక్రాలకు అందిపోతుంది.

ఓడ దిగి ఒహైయో చేరాను. నన్ను మొదట కొన్నది ఒక నర్సు. రాత్రి డ్యూటీ దిగి, తెల్లవారుజామున టాపు తీసేసి, ఇంటికి దగ్గరి దారి వదిలేసి చెరువు పక్కగా తిప్పి తీసుకెళ్లేది. చలికాలంలో అక్కడ మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు మా పాలిటి విషం. ఆమె నన్ను నవంబరులోనే షెడ్డులో పెట్టేసేది. ఇవాళ నా అడుగు రేకు గట్టిగా ఉందంటే అది ఆ తల్లి పుణ్యమే.

రెండో యజమాని కుర్రాడు. స్ప్రింగులు కోయించి నన్ను నేలకు దించాడు. నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ సస్పెన్షన్ పెట్టి మా ఇంజనీర్లు సాధించిన నడక ఒక్క రోజులో పోయింది. ప్రతి గుంతకూ నా నడుము రబ్బరు దిమ్మలకు తగిలేది. సైలెన్సర్ మార్చి పెద్ద చప్పుడు పెట్టించాడు. అతనికి నా మీద ప్రేమ లేదనలేను. నన్ను రోజూ తుడిచేవాడు. కానీ ఏది మార్చాలో చెప్పేవాళ్లు అతని పక్కన లేకపోయారు.

టైమింగ్ బెల్టు దాదాపు 60,000 మైళ్లకు మార్చాలి. నాకు ఆ పని ఒక వర్క్‌షాపులో జరిగింది. బెల్టు కొత్తదే వేశారు, క్రాంక్ కొసన పుల్లీని పట్టి ఉంచే బోల్టును మాత్రం పాతదే మళ్లీ పెట్టి, కొలత చూడకుండా చేతి అంచనాతో బిగించారు. మా తొలి బండ్లలో ఆ క్రాంక్ కొస పొట్టిగా ఉంటుంది. బోల్టు బిగువు తగ్గితే పుల్లీ ఊగుతుంది, లోపలి తాళం చీల అరిగిపోతుంది, దాని గాడి వెడల్పవుతుంది, ఇంజిన్ టైమింగ్ తప్పుతుంది. నాకూ అంతే అయింది. ఎత్తు ఎక్కలేక రొప్పేదాన్ని. ఏమిటో తెలియక కుర్రాడు ప్లగ్గులు మార్చాడు, వైర్లు మార్చాడు, చివరికి నన్నే అమ్మేశాడు.

కొన్నది పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఇప్పటికీ నేను ఆయన దగ్గరే ఉన్నాను. కొన్న మొదటి ఆదివారమే, షాపులు తెరవకముందు ఖాళీగా ఉండే పార్కింగ్ మైదానానికి తీసుకెళ్లాడు. అక్కడ నావాళ్లే పదీ పన్నెండు మంది నిలబడి ఉన్నారు, బానెట్లు ఎత్తుకుని. యజమానులు చేతుల్లో కాఫీతో ఒక బండి నుంచి ఇంకో బండికి తిరుగుతున్నారు. పలకరింపు ఒకటే: "ఈ వారం ఏం చేశావు?"

ఒకావిడ నా ముందు వంగి టార్చి వేసింది.

"పుల్లీకి నాలుగే గాడులున్నాయి చూశారా? పొట్టి క్రాంక్ అన్నమాట. ఇంజిన్ ఒకసారి స్టార్ట్ చేయండి."

చేశాడు. పుల్లీ ఊగుతోంది.

"నా బండికీ ఇదే జరిగింది. నేను ఆలస్యంగా చూసుకున్నాను. మీరు ఇవాళే ఆపేయండి, దీన్ని నడుపుకుంటూ ఇంటికి వెళ్లకండి."

ఆ మాట నన్ను బతికించింది. ట్రక్కు మీద ఇంటికి చేర్చారు. తర్వాతి శనివారం ఆమే వచ్చి దగ్గరుండి చేయించింది. పుల్లీ విప్పి, గాడిని శుభ్రం చేసి, కొత్త చీల పెట్టి, లోహాన్ని లోహానికి అంటించే జిగురు పూసి, కొత్త బోల్టు వేసి, టార్క్ రెంచితో కొలిచి బిగించారు. జిగురు ఆరేదాకా నన్ను ఒక రోజంతా కదపలేదు. ఆ బోల్టు ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

అప్పటినుంచి ఆదివారాలన్నీ ఆ మైదానంలోనే. అక్కడ విన్నవి చాలా ఉన్నాయి. పొడుగాటి మనిషి ఒకడు తల టాపుకు తగులుతోందని సీటు విప్పి లోపలి స్పాంజి కొంత కోసి తీశాడు. గేరు రాడ్డు కింది రబ్బరు తొడుగు చిరిగి కాళ్లకు సెగ కొడుతోందని ఇంకొకడు దాన్ని మార్చి, అక్కడి నూనె కూడా కొత్తది పోశాడు. నా బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, దానికి గాలిగొట్టాలుండాలి. గొట్టాలు లేని చవక బ్యాటరీ పెడితే ఆమ్లం ఆవిరి డిక్కీ అడుగును ఎలా తినేస్తుందో తన బండి చూపించి మరీ చెప్పాడు మరొకడు. టర్బో వేసినవాడు సంబరంగా వచ్చి, రెండు నెలలకు మొహం వేలాడేసుకుని వచ్చాడు: 1.6 బండ్ల డిఫరెన్షియల్ చిన్నది, ఆ బలానికి తట్టుకోలేక పళ్లు రాలాయి. 1994 నుంచి వచ్చిన 1.8 బండ్లలోని పెద్దది తెచ్చి వేసుకున్నాడు. ఈ సంగతి దాచుకోకుండా చెప్పబట్టి ఆ మైదానంలో మరి ముగ్గురు ముందు డిఫరెన్షియల్ మార్చి, తర్వాతే టర్బో జోలికి వెళ్లారు. నేను చూసిన మార్పులన్నిటిలో, చెడగొట్టుకున్నది ఒప్పుకుని చెప్పేవాడి మాటకు మించిన విడిభాగం లేదు.

మా పెద్దాయన టర్బో వేయలేదు. కోసిన స్ప్రింగులు పారేసి సరైనవి పెట్టాడు, సీట్ల వెనక రోల్ బార్ బిగించాడు. క్లచ్ పెడల్ ఒకరోజు నేలకు అతుక్కుపోతే కింది సిలిండర్‌తోపాటు పైదీ మార్చాడు. ఒకటి కారితే రెండోది ఎన్నాళ్లో ఆగదని మైదానంలో నేర్చుకున్నాడు. ప్రతి ఆకురాలు కాలంలో గడ్డి కోసే యంత్రం ప్లాస్టిక్ తీగ తెచ్చి నా వెనక రంధ్రాల్లో దూర్చి, మెల్లగా తిప్పి, ఒక మగ్గు నీళ్లు పోసి, కింద కారేదాకా మోకాళ్ల మీద కూర్చుని చూస్తాడు. నిరుడు నన్ను టెనెస్సీ, నార్త్ కరోలినా సరిహద్దులోని డీల్స్ గ్యాప్‌కి తీసుకెళ్లాడు. 11 మైళ్లలో 318 మలుపులని పేరున్న దారి అది. ఒక్క మలుపులోనూ వెనక్కి తగ్గలేదు నేను.

పుట్టింటివాళ్లూ మమ్మల్ని మరిచిపోలేదు. 2016 ఏప్రిల్‌లో మా జాతి పదిలక్షలవ బండి అదే ఊజినాలో తయారైంది. 2017లో మాజ్డా, జపాన్‌లోని మా తొలితరం బండ్లను మళ్లీ కొత్తవిగా చేసిచ్చే సేవను ప్రకటించింది. దానికోసం బ్రిడ్జ్‌స్టోన్ మా పాత 185/60 కొలత టైర్లను తిరిగి పోతపోసింది.

మొన్నటి ఆదివారం ఆ టార్చి ఆవిడ నా రేడియేటర్ పైతొట్టి చూసింది. ఆ ప్లాస్టిక్ మొదట నల్లగా ఉంటుంది, వయసు మీరితే గోధుమ రంగుకు తిరుగుతుంది, ఆ తర్వాత ఎప్పుడు పగులుతుందో చెప్పలేం. నాది రంగు తిరిగింది. "ఇంక ఆగకండి" అంది. కొత్త రేడియేటర్ బుధవారం వచ్చింది, షెడ్డులో బల్ల మీద ఉంది. నా ఓడోమీటర్ 1,87,412 మైళ్లు చూపిస్తోంది. శనివారం ఉదయం పని మొదలుపెడతారు.