ఆకు పచ్చగుంటే పంట పండినట్టా?

మా రోజుల్లో వాన మొండికేస్తే కరణం చేనుగట్టుకు వచ్చేవాడు. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మా మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. జిల్లా మారినా పద్ధతి మారలేదు. అడంగల్ పట్టుకుని కందిచేలో దిగి, కాయ వొలిచి చూసి, పదహారణాల పంటలో ఎన్నణాలు పండిందో రాసేవాడు. ఆ రాత మీద పేచీలు పడేవాళ్లం. పేచీ పడటానికి ఎదురుగా మనిషి ఉండేవాడు. 1984లో కరణాలు పోయారు.

ఇప్పటి లెక్క వేరు. 2016 కరువు మాన్యువల్ ప్రకారం ముందు వాన లోటు చూస్తారు. తర్వాత సాగు విస్తీర్ణం, నేలలో తేమ, నీటి నిల్వలు, ఉపగ్రహం చూపే పచ్చదనం. పొలాల్లో తిరిగి చూసేది ఆఖర్న, అదీ పది శాతం ఊళ్లలోనే.

ఉపగ్రహాలను నేను కాదనను. నల్లమలలో మంట లేస్తే గంటల్లో కబురందుతోందంటే వాటి పుణ్యమే. 2011లో శ్రీహరికోట నుంచి ఎగిరిన రిసోర్స్‌శాట్-2లో ఒక కెమెరా ఐదు రోజులకోసారి మన నేలను చూస్తుంది. అయితే ఆ బొమ్మలో ఒక్కో చుక్క 56 మీటర్ల చదరం, అంటే ముప్పాతిక ఎకరం. మా చేను, పక్క బీడులోని సర్కారుతుమ్మ ఒకే చుక్కలో కలిసిపోతాయి.

పైగా అది కొలిచేది ఆకు వెనక్కి పంపే వెలుతురును. కంది మొండి పైరు. వేరు లోతుకు దించి ఆకు నిలబెట్టుకుంటుంది. పూత మీద పదును చాలకపోతే పూత రాలి, నిలిచిన కాయ తాలుపోతుంది. పైనుంచి చూస్తే మాత్రం చేను పచ్చగానే ఉంటుంది. ఆ రైతు అప్పు ఏ బొమ్మలోనూ కనబడదు.

మేం దుక్కిలో చెయ్యి పెట్టి పదును చూసి విత్తేవాళ్లం. ఇప్పుడు రైతుబిడ్డలే ఫోను చూసి విత్తుతున్నారు. ఇక ఆఫీసులో కూర్చున్నవాళ్లను ఏమనాలి?

పది శాతం ఊళ్లు చాలవు. కంది వేసిన ప్రతి ఊళ్లో వ్యవసాయ సహాయకుడు చేలో దిగి కాయ వొలిచి చూడాలి, ఆ లెక్కను ఉపగ్రహం బొమ్మ పక్కన పెట్టాలి. చదువుకున్న పిల్లలారా, గింజలేని కాయలు చేతబట్టుకుని మండలాఫీసుకు వెళ్లండి. చేలోకి వచ్చి చూడమని గట్టిగా అడగండి.