నా గాడుల్లో ఆయన వేళ్లు

నేను గ్రామఫోను రికార్డును. పుట్టింది స్పెయిన్ దేశంలో, 1931లో. నా ఒంట్లో రాతిపొడి ఉంది, మసి ఉంది, వాటిని పట్టి ఉంచే లక్క ఉంది. ఆ రోజుల్లో ప్రపంచంలోని రికార్డులకు కావలసిన లక్క చాలావరకు మీ దేశపు అడవుల నుంచే వచ్చేది. ఆ చనువుతోనే నా కథ మీకు చెప్పుకుంటున్నాను.

మేము ఐదుగురు తోబుట్టువులం. అందరి మీదా కలిపి పది పాటలు, అన్నీ స్పెయిన్ జానపదాలే. పాడింది లా అర్హెంతినీతా అని పేరుపొందిన నాట్యకత్తె ఎంకర్నాసియోన్ లోపెస్. కొన్ని పాటల్లో ఆమె చేతి చిడతలూ మడమల తాళమూ కూడా వినిపిస్తాయి. పియానో వాయించింది కవి ఫెదెరికో గార్సియా లోర్కా.

లోర్కా గొంతు పట్టిన రికార్డు ఒక్కటి కూడా ఇప్పటిదాకా దొరకలేదు. కవితలను అచ్చు వేయించడానికి ఆయన ఎప్పుడూ తొందరపడలేదు. నలుగురి మధ్య కూర్చుని చదివి వినిపించడమే ఆయనకు ఇష్టం. అలాంటి మనిషి గొంతే పోయింది. వేళ్లు మాత్రం మా దగ్గర మిగిలాయి. ముల్లు గాడిలోకి దిగితే చాలు, ఆ వేళ్లు మళ్లీ మెట్ల మీద నడుస్తాయి.

ఆయన 1898లో గ్రనాదా దగ్గర ఫ్వెంతె వకేరోస్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రికి భూములుండేవి, తల్లి బడిపంతులుగా పనిచేసిన మనిషి. లోర్కా ముందు సంగీత విద్యార్థి, తరువాతే కవి. పియానో నేర్పిన ముసలి గురువు అంతోనియో సెగూరా 1916లో కన్నుమూశాడు. రెండేళ్లకు వచ్చిన తన మొదటి పుస్తకాన్ని లోర్కా ఆ గురువు స్మృతికే అంకితమిచ్చాడు.

పాటలు మాత్రం ఏ గురువూ నేర్పినవి కావు. ఇంట్లో పనిచేసే ఆడవాళ్ల నోట, పొలాల్లో, జిప్సీల వాడల్లో విన్నవి. పాత గాథలు సేకరిస్తూ పండితుడు మెనెందెస్ పిదాల్ 1920లో గ్రనాదా వస్తే, ఆయనను వెంటబెట్టుకుని ఆ వాడలు తిప్పింది లోర్కాయే. 1922 జూన్‌లో స్వరకర్త మనుయెల్ దె ఫాల్యాతో, మరికొందరు మిత్రులతో కలిసి అల్హంబ్రా కోటలో పాటల పోటీ పెట్టాడు. అండలూసియాలో గుండె చీల్చుకుని పాడే లోతైన పాట ఒకటుంది. వినోదశాలల్లో పడి అది పలచబడిపోతోందని వాళ్ల దిగులు. అందుకే పోటీలో పాట వృత్తిగా బతికేవాళ్లకు చోటివ్వలేదు. దియేగో బెర్ముదెస్ అనే ముసలి గాయకుడికీ, ఇంకా పసితనం పోని మనోలో కరకోల్‌కీ బహుమతులు దక్కాయి. 1928లో వచ్చిన జిప్సీ గాథల పుస్తకంతో లోర్కా పేరు దేశమంతా తెలిసింది.

నా విషయానికి వస్తాను. నా ఒక వైపున సెవిల్యా జోలపాట ఉంది. తల్లి లేని పసికందు గురించిన పాట అది. నిద్రపుచ్చే పాటలో అంత దుఃఖమెందుకని మీరడగవచ్చు. లోర్కా కూడా అదే అడిగాడు. జోలపాటల మీద 1928లో మాద్రిద్ విద్యార్థి నివాసంలో ఒక ప్రసంగమే చేశాడు. స్పెయిన్ తల్లులు తమ పాటల్లో అత్యంత విషాదమైనవాటిని ఏరి మరీ పిల్లలకు పాడతారని గమనించాడు. ఆ పాటలను కట్టింది పేద ఆడవాళ్లు, బిడ్డ బరువైపోయిన బతుకులవాళ్లు. కూలికి కలవారి బిడ్డలను ఊపుతూ అవే పాటలు పాడారు. కలవారి ఇంట పుట్టిన లోర్కాకు పాట చేరిన దారీ అదే. ఆ అప్పును ఆయన మరచిపోలేదని నేను నమ్ముతాను. 1933లో ఆడిన ‘నెత్తుటి పెళ్లి’ నాటకంలో కూడా గుర్రం గురించిన భయంకరమైన జోలపాట పెట్టాడు. నా మీది పాటలో ఆయన వాయింపు వింటే ఎక్కడా ప్రతాపం కనిపించదు. పియానో పాట వెనకే నడుస్తుంది.

1932 నుంచి లోర్కా విశ్వవిద్యాలయపు కుర్రాళ్లను లారీలెక్కించి పల్లెపల్లెకూ పాత నాటకాలు మోసుకెళ్లాడు. 1934లో ఎద్దుల పోరులో ఇగ్నాసియో సాంచెస్ మెహియాస్ చనిపోతే గొప్ప విలాప కావ్యం రాసి, నాలో పాడిన ఎంకర్నాసియోన్‌కు అంకితమిచ్చాడు. ఆ యోధుడు ఆమె ప్రియుడు.

1936 ఆగస్టు. అంతర్యుద్ధం మొదలై నెల రోజులు. గ్రనాదాలో మిత్రుల ఇంట తలదాచుకున్న లోర్కాను, గణతంత్రంపై తిరగబడిన సేనాని ఫ్రాంకో పక్షం వాళ్లు పట్టుకుపోయి, విస్నార్, అల్ఫకార్ ఊళ్ల మధ్య కాల్చి చంపారు. ఆయనకు 38 ఏళ్లు. ఎముకలు ఈనాటికీ దొరకలేదు. ఎంకర్నాసియోన్ దేశం విడిచి వెళ్లి 1945లో న్యూయార్క్‌లో కన్నుమూసింది. నన్ను కొనుక్కున్న ఇంటివాళ్లు, నా మీద అచ్చయిన ఆయన పేరు చూసి భయపడి, నన్ను పాత దుప్పట్ల కింద పెట్టె అడుగున దాచారు. ఏళ్ల తరబడి ఆయన పుస్తకాలకే దేశంలో చోటు లేదు.

నేను పెట్టెలో ఉన్నాను గానీ పాటలు లేవు. మా పది పాటల్లోని ‘నలుగురు కంచరగాడిదల వాళ్లు’ అనే పాట బాణీని గణతంత్రం వైపు సైనికులు ఎత్తుకుని, నలుగురు సేనానులను ఎద్దేవా చేస్తూ కొత్త మాటలు కట్టారు. పల్లెజనం నోటి నుంచి ఆయన తీసుకున్నదాన్ని జనమే మళ్లీ తీసుకున్నారు. 1965లో కుర్రవాడైన పాకో దె లుసీయా, తోడు మరో వాద్యకారుడు, మా పాటల బాణీలను గిటార్ల మీద వాయించారు. 1979లో జిప్సీ గాయకుడు కమరోన్ లోర్కా పద్యాలకే బాణీలు కట్టించుకుని పాడాడు. కవి అచ్చులో పెట్టిన జిప్సీల గోడును జిప్సీ గొంతే తిరిగి అందుకుంది.

ఇప్పుడు మీ ఫోన్లలో కూడా మేము దొరుకుతాం. మా పాటల్ని లోర్కాయే రాశాడని కొందరు చెబుతారు, నమ్మకండి. ఆయన వాటిని ఏరాడు, సరిదిద్దాడు, వాయించాడు. వాటిని కట్టిన ఆడవాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు. జోలపాట వినండి, ముందు ఎంకర్నాసియోన్ గొంతు కోసం ఒకసారి, తరువాత పియానో కోసమే ఇంకోసారి.